చల్లటి నుదురు

మా ఇంట్లో జ్వరం చూసేది మా అత్తయ్య చెయ్యి. పొద్దున్నే కాఫీ కలపకముందు వచ్చి, వేళ్ళు మడిచి, వాటి వెనకభాగం నుదుటి మీద ఆనిస్తుంది. తర్వాత మెడ పక్కన. ఆ రెండు చోట్లా చల్లగా తగిలితే ఆ రోజుకి మనకి ఏ రోగమూ లేనట్టే.

వారం రోజుల పాటు నేను ఆ చేతిని మోసం చేశాను. ఎందుకు చేశానో, ఏం జరిగిందో రాయాలని చాలాకాలంగా అనుకుంటున్నాను. పాపకి ఇప్పుడు తొమ్మిదో నెల. ఇప్పుడే పడుకుంది. మళ్ళీ లేచేలోపు ఎంతవరకు అయితే అంతవరకు రాస్తాను. చదివే బాలింతలు నన్ను చూసి నవ్వుకున్నా ఫర్వాలేదు, తిట్టుకున్నా ఫర్వాలేదు. నాలా మాత్రం చెయ్యకండి.

మాది యానాంలో ఫరంపేట. ఇంట్లో అత్తయ్య, బావగారు, ఆయన భార్య దుర్గక్క, మా ఆయన, నేను. అన్నదమ్ములిద్దరూ కలిసి రొయ్యల మేత కొట్టు నడుపుతారు. తొలి కాన్పు పుట్టింట్లో జరగాలంటారు గానీ నాకు అమ్మ లేదు. డిగ్రీ రెండో ఏడాదిలో ఉండగా పోయింది. నాన్న తాళ్ళరేవు దగ్గర ఊళ్ళో ఒక్కరే వండుకుని తింటారు. అందుకని నా పురుడు అత్తవారింట్లోనే అనుకున్నారు.

దుర్గక్కకి నాకన్నా ఐదు నెలల ముందు కొడుకు పుట్టాడు. ముమ్మిడివరంలో వాళ్ళమ్మగారింట్లో. మూడో నెలలో వాణ్ణెత్తుకుని వచ్చినప్పుడు వాళ్ళమ్మ కూడా వెనకాలే వచ్చి పది రోజులుంది. కూతురి తల తుడిచేది, సాంబ్రాణి పొగ పట్టేది, బాలింతకిచ్చే కాయం మందు ముద్ద చేతికి కాదు, నోటికే అందించేది. "మింగవే, నడుం గట్టిపడుద్ది" అని గదిమేది. నాకప్పుడు ఏడో నెల. వంటింటి గుమ్మంలో నిలబడి చూసేదాన్ని. నా అసూయ అక్కడే మొదలైంది. నాకు జ్వరం రాకముందే అది వచ్చింది. ఇప్పుడు దాచి ఏం లాభం.

కాన్పు కాకినాడలో ఒక నర్సింగ్ హోములో అయింది. మామూలు కాన్పే. ఆడపిల్ల. మూడో రోజుకి ఇంటికొచ్చాం. నాకు పాలు సరిగా పడలేదు. పాప పట్టుకుని, వదిలేసి, ఎర్రబడి ఏడ్చేది. గోడకి అవతల గదిలో దుర్గక్క కొడుకు గుటకలు వేస్తుంటే ఆ చప్పుడు కూడా నాకు వినపడేది. "దీనివి పాలు కాదే, కాలవ వదిలినట్టే" అని అత్తయ్య నవ్వేది. అందులో తప్పేమీ లేదు. అయినా ఆ నవ్వు నాకు గుచ్చుకునేది.

ఇంటికొచ్చిన రోజే అత్తయ్య నన్ను మంచం మీద కూర్చోబెట్టి చెప్పింది. "అమ్మాయ్, ఒళ్ళు వెచ్చబడితే వెంటనే చెప్పు. జ్వరం పాలు పిల్లకి పట్టకూడదు. విషంతో సమానం. నువ్వేం కంగారు పడకు, దుర్గ ఉందిగా, అది పట్టేస్తుంది."

నేను బి.ఎస్సీ. చదివినదాన్ని. జ్వరం పాలు విషమా అని ఫోనులో చూస్తే రెండు నిమిషాల్లో తెలిసేది. చూడలేదు. నా చెవిలో మిగిలింది ఆ మాట కాదు మరి. "దుర్గ ఉందిగా" అన్న మాట.

ఆరో రోజు సాయంత్రం చలి పుట్టింది. ఎండ ఇంకా గోడ మీదే ఉంది, నాకు మాత్రం పళ్ళు టకటకలాడాయి. పొత్తికడుపులో బరువు. పాపని పొట్ట మీద పడుకోబెట్టుకుంటే దాని కాలు తగిలి ప్రాణం పోయినట్టయింది. రక్తస్రావం వాసన కూడా మారింది. చేపల రేవులో సాయంత్రం మిగిలిన నీళ్ళ వాసనలా ఉంది. సిగ్గేసింది. అగరొత్తులు వెలిగించాను. అత్తయ్య వచ్చి "ఏంటమ్మాయ్, పురిటి గదిలో ఈ పొగేంటి, పిల్లకి దగ్గు రాదూ" అంది. దోమలని చెప్పాను.

నర్సింగ్ హోము వాళ్ళు పంపేటప్పుడు నొప్పికి ఒక అట్ట బిళ్ళలిచ్చారు. నారింజ రంగువి. నొప్పిని, వాపుని తగ్గించే బిళ్ళలు. కుట్ల నొప్పి ఎక్కువైతేనే వేసుకోమన్నారు, తిన్నాక వేసుకోమన్నారు. ఆ సాయంత్రం ఒకటి వేసుకున్నాను. గంటకి చెమట పట్టి ఒళ్ళు చల్లబడింది. నొప్పి దూరంగా వెళ్ళి కూర్చుంది. పొద్దున్న అత్తయ్య చెయ్యి వచ్చింది, నుదుటి మీద, మెడ మీద. "చల్లగా ఉన్నావు తల్లీ" అంది. పాపని నా పక్కలోనే వదిలింది.

అప్పుడే ఆ పద్ధతి నాకు దొరికింది. అత్తయ్య లేచేముందే నేను లేచేదాన్ని. ఒకటి మింగి, ఆ చెయ్యి వచ్చేసరికి చల్లబడి ఉండేదాన్ని. మధ్యాహ్నం ఒకటి, సాయంత్రం ఒకటి. ఒక్కోసారి ఖాళీ కడుపుతోనే. ఛాతీ మంట పుట్టేది. అట్ట అయిపోతే "కుట్లు లాగుతున్నాయండీ, ఆ బిళ్ళలే ఇంకో అట్ట తెండి" అని మా ఆయనతో తెప్పించుకున్నాను. పాపం ఆయన రెండు తెచ్చారు.

పదకొండో రోజు పురుడు. నాకు తలంటు పోశారు. పాపని ఉయ్యాల్లో వేశారు. వచ్చినవాళ్ళంతా "బాలింత ఎంత చక్కగా తేరుకుందో" అన్నారు. ఆ రోజు నాలుగు బిళ్ళల మీద నిలబడ్డాను. పాట పాడమంటే దుర్గక్క పాడింది. ఆమె గొంతు వినగానే ఉయ్యాల్లో పాప ఏడుపు ఆపింది. అందరూ "ఓహో, పెద్దమ్మ గొంతు గుర్తుపట్టేసింది" అని నవ్వారు. నేనూ నవ్వాను. లోపల మాత్రం, అది నా పొట్టలో ఉండగానే ఈమె ఇదే పాట కొడుకుకి పాడుతూ ఉంది కదా, అప్పుడే దొంగిలించేసింది అనుకున్నాను. అంత దూరం వెళ్ళింది నా బుర్ర.

పన్నెండో రోజు పొద్దుపోయాక దుర్గక్క నా గదిలో పక్కబట్టలు మార్చింది. పదమూడో రోజు తెల్లవారుతుండగా దిండు కిందకి చెయ్యి పెడితే అట్ట లేదు. రెండో అట్టా లేదు. మంచం కింద చూశాను, బీరువాలో చూశాను. వంగితే లేవలేకపోయాను. చలి వచ్చింది. ఇన్ని రోజులూ ఆపి ఉంచిందంతా ఒకేసారి వచ్చినట్టు వచ్చింది.

అత్తయ్య చెయ్యి నుదుటికి తగిలి, నిప్పు తగిలినట్టు వెనక్కి వెళ్ళింది. "ఓరి దేవుడోయ్, కాలిపోతోందిరా" అని అరిచింది. నాకు ఆ తర్వాత ముక్కలు ముక్కలుగా గుర్తు. దుర్గక్క పాపని నా పక్కలోంచి తియ్యడం గుర్తు. పాప దుప్పటి అంచు నా వేలికి చిక్కుకుంటే మెల్లగా విడిపించింది. "నువ్వే తీశావు" అన్నాను. పైకి అన్నానో లేదో తెలీదు. బయట కారు దగ్గర ఆమె మా ఆయన చొక్కా జేబులో ఏదో పెట్టి, "ఇది డాక్టరమ్మకి చూపించు మరిదీ, మర్చిపోకు" అంది.

ఇంజరం దాటి తాళ్ళరేవు మీదుగా కాకినాడ దాకా దారి పొడుగునా నా బుర్రలో ఒకటే మాట. నన్ను పట్టించేసింది. నా పిల్ల కోసం.

నర్సింగ్ హోములో టోకెను ఇచ్చి కూర్చోమన్నారు. ఇనప కుర్చీల వరస. గోడ మీద టీవీ మూగగా ఆడుతోంది. చుట్టూ ఆడవాళ్ళు. ఎదురుగా ఒకావిడ నెల పిల్లాణ్ణి ఒళ్ళో వేసుకుని ఫోను చూసుకుంటోంది. పిల్లాడు ఒళ్ళో ఉన్నాడన్న సంగతే గుర్తులేనంత తేలిగ్గా కూర్చుంది. పక్కన ఇంకొకావిడకి వాళ్ళమ్మ జడ వేస్తోంది. నేను అత్తయ్య భుజం మీద వాలి ఒక్కొక్కళ్ళనీ చూశాను, ఒక్కొక్కళ్ళ మీదా కుళ్ళుకున్నాను. జ్వరంలో మనిషి మంచిదైపోతుందని ఎవరంటారో గానీ అబద్ధం.

అప్పుడు అక్కడి ఆయా వచ్చి, నా మొహం చూసి, లోపల గదిలోకి తీసుకెళ్ళి పడుకోబెట్టింది. వేడినీళ్ళు తెచ్చింది. బట్ట మార్చాలంటే నేను వద్దన్నాను, వాసన తెలిసిపోతుందని. "సిగ్గెందుకమ్మా. ముప్పై ఏళ్ళుగా ఇదే పని నాది. వాసన వచ్చిందంటే లోపల ఏదో ఉందని చెప్తోంది, అంతే. అది మనకి చుట్టం లాంటిది, కబురు చెప్పి పోతుంది" అంది. నన్ను తుడిచి, తన దగ్గరున్న ఉతికిన పాత దుప్పటి కప్పింది. ఆమె పేరు కూడా అడగలేదు నేను.

డాక్టరమ్మ పొత్తికడుపు మీద చెయ్యి పెట్టగానే కేక పెట్టాను.

"జ్వరం ఎప్పట్నుంచి?" అని అడిగారు.

"ఇవాళ పొద్దున్నేనండీ" అంది అత్తయ్య. "నిన్నటిదాకా మంచులా ఉంది. రోజూ నేనే చూస్తున్నాను."

మా ఆయన జేబులోంచి రెండు అట్టలు తీసి బల్ల మీద పెట్టారు. ఒకటి ఖాళీ. రెండోదాంట్లో మూడు బిళ్ళలు మిగిలున్నాయి. డాక్టరమ్మ వాటిని తిప్పి చూసి, నన్ను చూశారు.

"రోజుకి ఎన్ని?"

"మూడు. ఒక్కోరోజు నాలుగు."

"నొప్పికా?"

అవునంటే సరిపోయేది. కానీ ఆమె గొంతులో కోపం లేదు. అందుకే నిజం బయటికొచ్చేసింది. "జ్వరం తెలిస్తే పాపని నా దగ్గర ఉంచరండీ" అన్నాను.

డాక్టరమ్మ కుర్చీ దగ్గరికి లాక్కున్నారు. నాకు గుర్తున్నంతవరకు ఆమె మాటలే రాస్తాను. "నీ గర్భసంచి లోపల వాచింది. క్రిములు చేరాయి. కాన్పు తర్వాత కొందరికి వస్తుంది. నీ తప్పు కాదు. జ్వరం, నొప్పి, వాసన, ఇవే మాకు ఆనవాళ్ళు. ఈ బిళ్ళ వాపుకి మంచిదే. నేను కూడా రాస్తాను. కానీ ఇదొక్కటే వేసుకుంటే జ్వరం కనపడదు, నొప్పి తెలీదు, లోపల క్రిములు మాత్రం హాయిగా పెరుగుతుంటాయి. క్రిములకి వేరే మందు పడాలి. ఇంకో రెండు రోజులు ఇలాగే లాగి ఉంటే రక్తంలోకి పాకేవి."

తర్వాత అత్తయ్య వైపు తిరిగి, "జ్వరం వచ్చినా తల్లి పాలివ్వచ్చమ్మా. పిల్లకేం కాదు. పాలకి సరిపడే మందులే ఇస్తాం" అన్నారు.

అంటే దాచక్కర్లేదు. మొదటి రోజే చెప్పి ఉన్నా పాప నా దగ్గరే ఉండేది. దానికోసమే చావు దాకా వెళ్ళాను.

అత్తయ్య బల్ల మీది అట్టల్ని ఒక పక్కకి జరిపింది. తర్వాత చాలా చిన్న గొంతుతో అడిగింది. "అయితే అండీ... మా మొదటోడు ఇరవయ్యో రోజున పోయాడు. నాకప్పుడు జ్వరం. జ్వరం పాలు పట్టి చంపుకున్నావు అని మా అత్తగారు అనేది. అది నా పాల వల్ల కాదా?"

మా ఆయన తలెత్తి వాళ్ళమ్మని చూశారు. ఆయనకి ఒక అన్నయ్య అలా పోయాడని తెలుసు. ఈ మాట మాత్రం తెలీదు.

"పాల వల్ల కాదమ్మా" అన్నారు డాక్టరమ్మ. "పాల వల్ల ఎప్పుడూ కాదు."

అత్తయ్య తలూపింది. చీర చెంగు నోటికి అడ్డం పెట్టుకుని బయటికెళ్ళి ఇనప కుర్చీలో కూర్చుంది. ఆ రోజు ఆవిడ మంచినీళ్ళు కూడా తాగలేదని తర్వాత మా ఆయన చెప్పారు.

ఆరు రోజులున్నాను అక్కడ. చేతికి సెలైన్ సూది, అందులో క్రిముల మందు. రెండో రోజు నర్సమ్మ గిన్నెడు ఇడ్లీ తినిపించి, అరచేతిలో బిళ్ళ పెట్టింది. నారింజ రంగుది. అదే. నాకు నవ్వొచ్చింది, ఏడుపూ వచ్చింది. "ఏంటమ్మా, చేదా?" అంది నర్సమ్మ. "కాదండీ, తెలిసిన బిళ్ళే" అన్నాను. ఇంటి దగ్గర దొంగలా మింగిన బిళ్ళని అక్కడ చీటీలో రాసి, టైము చూసి, తిండి పెట్టి మరీ ఇచ్చారు. క్రిముల మందు పక్కన అది చేరాక మూడో రోజుకి పొత్తికడుపు మీద చెయ్యి పెట్టుకోగలిగాను. నొప్పి పోతోందని తెలుస్తోంది. అంతకుముందు పోయింది నొప్పి కాదు, నాకు తెలియడమే పోయింది.

ఒళ్ళు తేరుకుంటున్న కొద్దీ కుళ్ళు పెరిగింది. వీడియో కాల్ చేస్తే దుర్గక్క పాపని చూపించేది. పాపకి పసుపుపచ్చ గౌను వేసింది. అది నేను బారసాలకని దాచిన గౌను. "ఉచ్చపోసి అన్నీ తడిపేసింది రమ్యా, బీరువాలో ఇదొక్కటే కనపడింది" అంది. పాప బుగ్గలు నిండాయి. ఐదు రోజుల్లో! నా దగ్గర పన్నెండు రోజులున్నా నిండని బుగ్గలు. బాగుందనాలి. "గౌను మరక చెయ్యకక్కా" అన్నాను. ఫోను పెట్టేసి గోడవైపు తిరిగాను.

ఆ మధ్యాహ్నమే, జోరున వాన పడుతుంటే, దుర్గక్క ఇద్దరు పిల్లల్నీ వేసుకుని ఆటోలో వచ్చింది. నాకు లేచి కూర్చునే ఓపిక వచ్చిందని, డాక్టరమ్మ పాలివ్వచ్చన్నారని అత్తయ్య చెప్పిందట. కొడుకుని మా ఆయన చేతిలో పెట్టి, పాపని నా ఒళ్ళో పెట్టింది. నేను జాకెట్టు విప్పాను. పాప నోరు పెట్టింది. వదిలేసింది. మళ్ళీ పెట్టాను. మొహం తిప్పుకుంది, వెన్ను విరుచుకుంది, ఊపిరి బిగబట్టి ఏడ్చింది. వార్డంతా చూస్తోంది. కాసేపయ్యాక దుర్గక్క తీసుకుని పక్క స్టూలు మీద కూర్చుంది. పాప గుటకలు వేసింది.

పక్క మంచం ముసలావిడ, "పాలిచ్చే మనిషి ఇంట్లోనే దొరికింది, అదృష్టవంతురాలివి తల్లీ" అంది. ఆవిడ మీద కూడా నాకు కోపమొచ్చింది.

ఇంటికొచ్చాక పాప రాత్రిళ్ళు దుర్గక్క గదిలోనే పడుకునేది. నాకు బలం రావాలని అందరూ అన్నారు. గోడకి అవతల అది కదిలితే నాకు మెలకువ వచ్చేది. లేచి వెళ్ళేలోపు అక్కడ చప్పుడు ఆగిపోయేది. ఆ ఆగిపోవడం ఉంది చూశారూ, ఏడుపు కన్నా అది ఎక్కువ బాధ పెట్టేది.

పగలు ప్రయత్నించేదాన్ని. పాప ఒప్పుకునేది కాదు. నాలుగో రోజున దుర్గక్క తన పాత నేత చీర ఒకటి, ఉతకనిది, తెచ్చి నా మంచం మీద పడేసింది.

"ఇది కట్టుకో."

"ఎందుకు?"

"నా వాసనకి అలవాటు పడిపోయింది దొంగముండ. ఇది కట్టుకుని పట్టుకుంటే పట్టుద్ది. మా అమ్మ చెప్పింది ఫోన్లో."

కట్టుకోనన్నాను. "నా పిల్ల నా పాలు తాగడానికి నీ చీర కట్టుకోవాలా?" అన్నాను. అన్ని రోజులుగా మింగిందంతా ఆ ఒక్క మాటలో బయటికొచ్చింది. "నువ్వే దిండు కిందవి తీశావు. నా పిల్లని తీసుకోడానికే తీశావు."

దుర్గక్క నడుం మీద చెయ్యి పెట్టుకుని నన్నే చూసింది. తర్వాత నవ్వింది. కోపంగా కాదు, నిద్రలేని మనిషి నవ్వినట్టు.

"తీశాను. దిండు గలేబు మారుస్తుంటే కనపడ్డాయి. గదిలో వాసన అంతకుముందే తెలిసింది. నాకు కుట్లు పడినా వారంలో బిళ్ళ మానేశాను, దీనికి ఇన్నెందుకా అనుకున్నాను. నిన్నడిగితే చెప్తావా? అత్తయ్యకి చెప్తే పురుడు వెళ్ళి ఒక రోజు కాలేదు, గోల గోల చేస్తుంది. తీసి దాచాను, ఉంటే గింటే జ్వరం బయటపడుద్దని. అంత కాలిపోతావని నాకేం తెలుసే?" ఆగి, మంచం అంచున కూలబడింది. "నీ పిల్లని తీసుకోడానికా? నాకున్నవాడు చాలడా? వాడికి పళ్ళొస్తున్నాయి, కొరికి చంపుతున్నాడు. నీ కూతురు గంటకోసారి లేస్తుంది. ఇద్దరితో నా నడుం పడిపోయింది. నీ పిల్లని నీకప్పజెప్పి ఒక్క రాత్రి కాళ్ళు జాపుకుని పడుకోవాలని మొక్కుకున్నాను తెలుసా? కొబ్బరికాయ కొడతానని కూడా అనుకున్నాను."

చీర తీసుకున్నాను.

అందులో పాల వాసన, పౌడరు వాసన, వంటింటి తాలింపు వాసన ఉన్నాయి. కట్టుకుని, పాపని దగ్గరికి తీసుకుని, చెంగు దాని మొహం మీద కప్పాను. ముక్కుతో వెతుక్కుంది. నోరు పెట్టింది. పట్టుకుంది. గట్టిగా, నొప్పెట్టేలా పట్టుకుంది.

నా కూతురు నన్ను దుర్గక్క అనుకుని తాగింది. ఆనందం, అవమానం ఏది ఎంతో ఇప్పటికీ విడదీయలేను. దుర్గక్క మాత్రం "హమ్మయ్య" అని అక్కడే, నా మంచం మీదే, ఒక పక్కకి ఒరిగి నిద్రపోయింది. ఆ చీర పన్నెండు రోజులు కట్టాను. మధ్యలో ఒకసారి ఆమె మళ్ళీ కట్టుకుని వాసన ఎక్కించి ఇచ్చింది. ఆ తర్వాత నా చీరతోనే పట్టుకుంది.

అంతటితో కుళ్ళు పోయిందని రాస్తే అబద్ధమవుతుంది. పాప మొదటిసారి గుర్తుపట్టి నవ్వింది నాకు కాదు, నా భుజం మీంచి వెనకాల ఉన్న దుర్గక్కకి. నేను అద్దంలో చూశాను ఆ నవ్వు. ఆ పూట నాకు అన్నం సయించలేదు. మందుతో గర్భసంచి వాపు మూడు వారాల్లో పోయింది. ఇది ఇంకా ఉంది. తగ్గింది, ఉంది.

పోయిన వారం దుర్గక్కకి జ్వరం. వైరల్ అన్నారు. మూలుగుతూ ముసుగుతన్ని పడుకుంది. పదమూడు నెలల కొడుకు పాలకి ఏడుస్తూ ఆమె మీదకెక్కుతుంటే, ఆమే వాణ్ణి నెట్టి, "రమ్యా, వీణ్ణి నువ్వు పట్టవే, నావి జ్వరం పాలు" అంది. డాక్టరమ్మ చెప్పింది ఆమెకీ తెలుసు. తెలిసినా, సొంత పిల్లాడి దగ్గరికొచ్చేసరికి భయం.

అత్తయ్య వేళ్ళు మడిచి ఆమె నుదుటి మీద ఆనించింది. మెడ మీద ఆనించింది. "వెచ్చగానే ఉంది" అని ఆగి నా వైపు చూసింది. వాణ్ణి తీసుకో అనలేదు. తీసుకోవద్దూ అనలేదు. "నువ్వు చెప్పమ్మాయ్" అంది.

నేను వాణ్ణి ఎత్తుకున్నాను. బరువైన పిల్లాడు. నా భుజం మీద తల పెట్టి, ఏడుపాపి, నా మెడ దగ్గర ముక్కుతో వెతికాడు. నా పాలే తాగేస్తాడు, ఇంకొక్క క్షణమైతే. దుర్గక్క ముసుగు తీసి చూస్తోంది. కళ్ళు ఎర్రగా ఉన్నాయి. ఆ చూపు నాకు తెలుసు. వార్డులో స్టూలు మీద ఆమె కూర్చున్నప్పుడు నేను ఆమెని చూసిన చూపు అది. ఆమెకి కూడా ఆ కుళ్ళు ఉంటుందని ఇన్నాళ్ళూ అనుకోలేదు.

వెంటనే ఇచ్చేశానని రాయాలని ఉంది. ఇవ్వలేదు. కాసేపు ఎత్తుకునే ఉన్నాను. ఆ కాసేపు నాకు కావాలనిపించింది.

తర్వాత మంచం మీద కూర్చుని, వాణ్ణి ఆమె పక్కలో పడుకోబెట్టాను. "నువ్వే ఇయ్యక్కా. పాలకేం కాదు. నువ్వు నీళ్ళు బాగా తాగు, అంతే."

దుర్గక్క అత్తయ్య వైపు చూసింది. అత్తయ్య వంగి, కోడలి జాకెట్టు గుండీ తనే విప్పి, మనవడి తలని దగ్గరికి జరిపింది. వాడు పట్టుకున్నాక కూడా ఆవిడ చెయ్యి వాడి తల మీంచి తియ్యలేదు.